ఆలస్యము : ఒక మాట నడచిన త్రోవ



భగవద్గీత పదునాలుగవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ తమోగుణమును గూర్చి చెప్పుచు, అది జీవుని ప్రమాదము, ఆలస్యము, నిద్ర అను మూడింటితో బంధించునని సెలవిచ్చెను. పారాయణ చేయు తెలుగువారు ఇచ్చట తరచుగా పొరబడుదురు. ఆలస్యమనగా మనకు వేళ మించుట. భగవానుడు చెప్పినది అది కాదు, సోమరితనము. (ప్రమాదమనగా బండి బోల్తాపడుట కాదు, ఏమరుపాటు. దాని కథ వేరు.)

'లస' ధాతువునకు మెరయుట, క్రీడించుట అని వాడుక. ఆ చలనము లేనివాడు అలసుడు. వాని తత్త్వము ఆలస్యము. ఇట్టివానికి అమరసింహుడు ఆరు పేర్లు చెప్పెను. అందు శీతకుడొకడు, అనగా పనిని చల్లగా చేయువాడు. ఈ మాట నిష్పత్తికి పాణిని అష్టాధ్యాయి అయిదవ అధ్యాయమున ప్రత్యేకముగా సూత్రమే రచించెను. వేడిగా పనిచేయు చురుకైనవాడు ఉష్ణకుడు. ఇంకొక పేరు తుందపరిమృజుడు, అనగా బొజ్జ నిమురుకొనువాడు. ఈ రూపము సోమరికే చెల్లునని కాత్యాయనుడు వార్తికమున నియమించెను. భోజనానంతరము నిజముగానే బొజ్జ నిమురుకొనువాడు తుందపరిమార్జుడు! సోమరి విషయమున మన వ్యాకర్తలు ఎంత చురుకుగా నుండిరో చూడుడు.

హిందీవారికి, కన్నడిగులకు నేటికిని ఆలస్యమనగా సోమరితనమే. తెలుగున మాత్రము ఆ యర్థమును సోమరితనము, బద్ధకము అను మాటలు తీసికొనగా, ఆలస్యము జాగు, తడవు అను మాటల సరసన చేరినది. కారణము పేరు కార్యమునకు వచ్చినది. మందుడు మొదలిడిన పని వేళ మించును గదా! ఇది ఒక్క మాటకు కలిగిన మార్పు కాదు. తమస్సు నుండి పుట్టిన 'తామసము' సైతము మన పాత తెలుగున జాగు అను అర్థమున వాడబడినది. 'తామసింపక రమ్ము' అనిన జాగుసేయక రమ్మని భావము. మలయాళమున తామసమనగా జాగు, అంతేకాక నివాసము కూడ! నిలిచిపోయినవాడు అచ్చటనే కాపురముండును గాబోలు.

మార్పు వలన కొంత నష్టము కలిగినది. రైలు రెండు గంటలు ఆలస్యమని స్టేషనులో చెప్పినపుడు ఎవ్వరి బద్ధకమును ఎవ్వరును తలపరు. దోషము మనిషి నుండి గడియారమునకు బదిలీ అయినది. 'ఆలస్యం అమృతం విషం' అను సామెతను మనము త్వరపడుమను హెచ్చరికగానే వినుచున్నాము, లోపలి జడత్వమును తట్టుచున్నదని వినుట లేదు.

మరియొక పొరపాటు ఇంతకంటె పెద్దది. కదలక కూర్చున్నవానినెల్ల సోమరి యనుట. పతంజలి యోగసూత్రములలో తొమ్మిది అంతరాయములను లెక్కించుచు వ్యాధిని, స్త్యానమును, ఆలస్యమును వేర్వేరుగా నుంచెను. వ్యాధి దేహధాతువుల వైషమ్యము. స్త్యానము చిత్తము పనికి పూనుకొనలేకపోవుట. ఆలస్యమనగా దేహమును చిత్తమును బరువెక్కి పనియందు ప్రవర్తింపకుండుట అని వ్యాసభాష్యము వివరించినది. ఈ మూటిని విడదీయని గృహములలో జ్వరముతో ముడుచుకొన్న పిల్లవాడును, మనస్సు క్రుంగి మంచము విడువని కోడలును ఒక్కటే తిట్టు తినుచున్నారు.

నైష్కర్మ్యమును కూడ కొందరు ఇందులోనే కలిపి, "అంతయు దైవమే చూచుకొనును" అని కాళ్ళు చాపుదురు. క్షణకాలమైనను కర్మ చేయకుండ ఎవ్వడును ఉండలేడని భగవానుడు మూడవ అధ్యాయమున చెప్పియే యున్నాడు. కాళ్ళు చాపుటయు వారి లెక్కలోనికి రాని ఒక కర్మమే.