పొలిమేరలూ పద్దులూ

ఒక ప్రాంత చరిత్రను పాలకుల పేర్లతో చెప్పడం మనకు అలవాటు. ఆ ప్రాంతం కట్టిన పన్ను ఏ ఖజానాకు చేరిందని అడగడం అలవాటు లేదు. హైటెక్ సిటీ, సైబరాబాద్ అని నేడు పిలుస్తున్న మాదాపూర్, నానక్‌రామ్‌గూడ, కోకాపేట పరిసరాల చరిత్ర ఈ రెండో ప్రశ్న వేస్తే తప్ప బోధపడదు.

నిజాం కాలంలో రాజధాని చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్, అనగా ప్రభువు సొంత ఆస్తి. అక్కడి రైతు కట్టిన శిస్తు రాజ్య ఖజానాకు కాక నిజాం సొంత ఖర్చులకు పోయేది. 1949లో అది దివానీలో కలిసింది. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చింది. ఊరి సొమ్ముపై ఊరికి హక్కుందన్న సూత్రం కనీసం కాగితం మీదికి ఎక్కింది.

1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లా నుంచి పల్లెలను విడదీసి రంగారెడ్డి జిల్లా ఏర్పరచారు. నగర ఆదాయం నగరానికి మిగిలింది. కాని కాలక్రమంలో నగర సంపదే హద్దు దాటి ఆ పల్లెల్లోకి వచ్చింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. భూమి చేతులు మారినప్పుడల్లా రిజిస్ట్రేషన్ ఆఫీసులో వసూలయ్యే బదిలీ సుంకంలో గ్రామ పంచాయతీకి, మండల పరిషత్తుకు, జిల్లా పరిషత్తుకు వాటా ఉంది. నగరం అంచున పొలం అమ్ముడైతే జిల్లా పరిషత్తుకు చేరిన సొమ్ము తాండూరు, పరిగి వైపు ఏ బడి గదికో ఖర్చయ్యే వీలుండేది.

సంపద వచ్చిన చోటల్లా హద్దులు కదిలాయి. పారిశ్రామిక వాడల్లో పన్ను వసూలు అధికారం పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ చేతికి పోయింది. ఆస్తిపన్నులో 35 శాతం మాత్రమే స్థానిక సంస్థకు. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లితో సహా 12 పురపాలక సంఘాలు మహానగర పాలక సంస్థలో కలిశాయి. 2016లో జిల్లా మూడు ముక్కలైంది. 2019లో జిల్లా పరిషత్తులూ వేరయ్యాయి. తాండూరు, పరిగి వికారాబాద్ వైపు, కోకాపేట రంగారెడ్డి వైపు మిగిలాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్ల రూపాయల దాకా పలికింది. ఆ వేలం వేసింది హెచ్.ఎం.డి.ఏ., స్థానికులు ఎన్నుకున్న సంస్థ కాదు.

విలీనాన్ని సమర్థించేవారి వాదనలో సత్యం లేకపోలేదు. అంత పెద్ద భవనాలకు మురుగు కాలువలు, రోడ్లు వేయడం చిన్న పంచాయతీకి శక్తికి మించిన పని. కాని అసలు ప్రశ్న సంస్థ పరిమాణం గురించి కాదు, పంపకం గురించి. పెద్ద సంస్థ వచ్చిన ప్రతిసారీ వెనుకబడిన మండలం వాటా పెరిగిందా? హద్దు గీసేముందు ఆ మండలాన్ని ఎవరైనా అడిగారా?

ఈ నేల గురించి మన కథకులు రాశారు. పొలం అమ్ముకున్న రైతు, అతని చేతికొచ్చిన డబ్బు, అది కరిగిపోయిన తీరు మన కథల్లో ఉన్నాయి. పంచాయతీ కచేరీ మాత్రం లేదు. వ్యక్తి పతనం కనిపించినంతగా సమష్టి ఆస్తి చేజారడం మనకు కనిపించలేదు. సర్ఫ్-ఎ-ఖాస్ రైతుకూ నేటి పౌరునికీ మధ్య ఓటు హక్కు వచ్చింది. పద్దు అడిగే అలవాటు ఇంకా రాలేదు.

నేను జిల్లా పరిషత్ బడిలో తెలుగు చెబుతాను. బడి పేరులోని ఆ పరిషత్తుకు ఆదాయం ఎక్కడిదని ఏ విద్యార్థీ నన్ను అడగలేదు. ఇన్నేళ్ళలో నేనూ చెప్పలేదు. ఆ మౌనంలో రచయితలుగా మనందరికీ భాగముంది.