పాస్ ప్రధాన దాడిలో కాలేజీ క్వార్టర్‌బ్యాక్ అంచనా

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ సత్తాను మొత్తం పాసింగ్ గజాలతో తూచడం పొరపాటు. ఆ అంకెలో ఆటగాడి నైపుణ్యం ఎంతో, కోచ్ పథకం ఎంతో తెలియదు. టెక్సస్ టెక్‌లో కోచ్ మైక్ లీచ్ నడిపిన, పాస్‌లే ప్రధానమైన ‘ఎయిర్ రెయిడ్’ దాడే ఇందుకు గట్టి ఉదాహరణ. 2003లో అక్కడ బి.జె. సైమన్స్ 719 సార్లు బంతి విసిరి 5,833 గజాలు సాధించాడు. 2019లో ఎల్‌ఎస్‌యూ ఆటగాడు జో బరో 527 త్రోలతోనే 5,671 గజాలు రాబట్టాడు. త్రోకు సగటు చూస్తే సైమన్స్‌ది 8.1, బరోది 10.8. ఇద్దరి మధ్య అంతరం ఎంత పెద్దదో అప్పుడు గానీ తేలదు.

అలాగని సగటు కూడా పూర్తి న్యాయం చేయదు. స్క్రీన్ పాస్‌లో బంతి, ఆట మొదలయ్యే స్క్రిమేజ్ గీతకు వెనకే రిసీవర్ చేతికి అందుతుంది. అతను బ్లాకర్ల చాటున ఆ గీత దాటి 40 గజాలు పరుగెత్తితే అవన్నీ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే పడతాయి. పైగా కాలేజీ లెక్కల్లో శాక్ (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) నష్టం పరుగుల పద్దులోకి పోతుంది కాబట్టి, బంతిని వదలక దెబ్బతిన్నవాడి పాసింగ్ సగటు చెక్కుచెదరదు. ఎయిర్ రెయిడ్ ఆడే జట్ల క్వార్టర్‌బ్యాక్‌లంతా పథకం చలవతో వెలిగినవాళ్లేనని కొందరంటారు. అది తొందరపాటు. అదే టెక్సస్ టెక్‌లో, అదే బాణీలో ఆడిన పాట్రిక్ మహోమ్స్ 2016లో ఓక్లహోమాపై 734 గజాలు సాధించాడు, జట్టు 66-59తో ఓడినా. ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సూపర్ బౌల్ గెలిచాడు. పథకం అంకెలను పెంచుతుందే తప్ప ప్రతిభను కొట్టేయదు. నిజంగా చూడాల్సింది మూడో డౌన్‌లో, డిఫెండర్ మీదికి దూసుకొస్తుండగా, మొదటి రిసీవర్‌కు దారి మూసుకుపోతే రెండోవాణ్ని ఎంత త్వరగా పట్టుకుంటాడన్నది.