పత్తర్‌గట్టి నడివీధి ఎవరిది?

హైదరాబాద్ పాతనగరంలో గుల్జార్ హౌజ్ దాటి మదీనా చౌరస్తా వైపు నడిస్తే రెండు పక్కలా రాతి కమానులు బారులు తీరి కనిపిస్తాయి. అదే పత్తర్‌గట్టి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి, ఏడో నిజాం కాలంలో ఈ బజారు కట్టింది. కింద దుకాణాలు, పైన ఇళ్ళు, దుకాణాల ముందు నీడన నడవడానికి కమానుల వసారా. బేరసారాలు అంచులకు చేరాయి, నడివీధి జనానికి మిగిలింది. నా దృష్టిలో ఈ బజారు గొప్పతనమంతా ఆ పంపకంలోనే ఉంది.

అంతకుముందు జనానికి ఇక్కడ అంత చోటు లేదు. చార్మినార్ దగ్గరి నాలుగు కమానుల (చార్‌కమాన్) నడుమ ఉన్న జిలూఖానా కుతుబ్‌షాహీల దర్బారు వైభవాన్ని చాటే మైదానం. అక్కడ బారులు తీరింది రాజుగారి సైన్యం. జనం తమంతట తాము గుమిగూడితే అది తిరుగుబాటు కిందే లెక్క. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వెంట జనం బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్ళినప్పుడు ఎదురైంది ఫిరంగులే. బజారు వచ్చాక కూడా ఆ తీరు మారలేదు: స్థానికులకే ఉద్యోగాలు కావాలన్న 1952 సెప్టెంబరు ముల్కీ ఉద్యమంలో, పత్తర్‌గట్టికి కూతవేటు దూరంలోని సిటీ కాలేజీ దగ్గర, విద్యార్థులు తూటాలకు బలయ్యారు. అప్పటికి రాజ్యాంగం వచ్చి రెండేళ్ళు దాటింది.

ఇదే పాతనగరం మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం ఊరేగింపుకు దారి ఇస్తుంది. బాలాపూర్ గణపతి చార్మినార్ ముందు నుంచే నిమజ్జనానికి హుస్సేన్‌సాగర్‌కు వెళ్తాడు. ఆ రోజుల కోసం గుంతలు పూడుస్తారు, వేలాడే తీగలు పైకి కడతారు, మంచినీళ్ళు పెడతారు. ఊరేగింపు సాగిపోగానే చీపుర్లు పట్టుకుని పారిశుద్ధ్య కార్మికులు దిగుతారు. లక్షల పాదాల తర్వాత వీధిని మళ్ళీ వీధిగా నిలబెట్టే పని మనకు బాగా వచ్చు. నిరసన దగ్గరికి వచ్చేసరికే ట్రాఫిక్, చెత్త, శబ్దం అడ్డంకులవుతాయి.

ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్ కథ అదే. 2017లో ప్రభుత్వం నిరసనలను ఊరి అంచులకు పంపబోయింది. 2018 నవంబరులో హైకోర్టు అక్కడ ధర్నాలకు దారి తెరిచింది. వీధుల్లో సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ, అధికారి ఇష్టానికి వదిలేసి కాదనకూడదని సుప్రీంకోర్టు హిమ్మత్‌లాల్ షా కేసులో 1972లోనే చెప్పింది.

పత్తర్‌గట్టి రాయిని పాడుచేసింది నినాదాలు కావు. వసారాలోకి జరిగిన సరుకు, కమానుల మీద కొట్టిన బోర్డులు, రాతికి పూసిన రంగులు, తీగల చిక్కులు. ఏడాది పొడవునా చూసుకోవలసిన మరమ్మతు అది. చార్మినార్ చుట్టూ పాదచారుల కోసం రాళ్ళు పరిచినప్పుడు నడకకు, వ్యాపారానికి, పర్యాటకానికి లెక్క వేశారు. మొర పెట్టుకోవడానికి వచ్చేవాళ్ళకూ అందులో చోటు రాయాలి: కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్ళు, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు, అంబులెన్స్‌కు వదిలిన దారి, సాయంత్రం ఊడ్చే కార్మికుల కూలి. పండుగ నాడు నగరపాలక సంస్థ ఈ ఖర్చు పెడుతూనే ఉంది.