ఇంటి నుంచి ఆఫీసు కాల్స్‌కు వెబ్‌క్యామ్: మన ఇళ్ళకు ఏది సరిపోతుంది?

2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ బంగారు గనులు మూతపడ్డాక, మన జిల్లాలో చాలా ఇళ్ళకు ఉద్యోగం అంటే తెల్లవారకముందే బెంగళూరు రైలో బస్సో ఎక్కడమే అయింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆ లెక్కను కొంత మార్చింది. బెంగళూరు గదులు ఖాళీ చేసి ఊరికి వచ్చిన పిల్లలు మిద్దె మీద, పడసాలలో, మామిడితోట పక్కన ల్యాప్‌టాప్ తెరిచి పని చేశారు. అందరూ అలాగే ఉండిపోలేదు. కానీ వారంలో కొన్ని రోజులైనా ఇంటి నుంచి పని చేసే వీలు, ఇంటి నుంచే ఇంటర్వ్యూకు హాజరయ్యే వీలు మిగిలాయి. రాయల్పాడు లాంటి సరిహద్దు ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. కాల్ బాగా జరిగితే అమ్మానాన్నల దగ్గర ఉంటూ, కాపు కాలంలో తోట చూసుకుంటూ ఉద్యోగం చేసుకోవచ్చు.

అందుకే వెబ్‌క్యామ్ గురించి అడిగేవారు ఎక్కువయ్యారు. ఏది కొనాలి, ఎంత పెట్టాలి, అసలు కొనాలా వద్దా అన్నది ఇక్కడ ఒకచోట చేర్చాం.

ముందుగా ఒక్కమాటలో

చాలామందికి 1080పి ఉన్న మామూలు వెబ్‌క్యామ్ చాలు. 4కె అక్కరలేదు. కెమెరాకు డబ్బు పెట్టేముందు వెలుతురు, మైకు, నెట్ ఈ మూడూ చూసుకోండి. ఇవి సరిగ్గా లేకపోతే పదిహేను వేల కెమెరా కూడా రెండు వేల కెమెరాలాగే కనిపిస్తుంది.

మన పిల్లల విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. అలవాటు తక్కువున్న భాషలో మాట్లాడేటప్పుడు, అవతలివారికి పెదవుల కదలిక, కళ్ళు కనిపిస్తే మాట సులువుగా అర్థమవుతుంది. ముఖం చీకట్లో ఉండి, మాట మధ్యలో తెగిపోతూ ఉంటే, తప్పు నెట్‌ది అయినా భాష రాదనుకునే ప్రమాదం ఉంది. అందుకే అందంగా కనిపించడం కన్నా స్పష్టంగా కనిపించడం, తెగకుండా వినిపించడం ముఖ్యం.

కొనేముందు ఉన్నదాన్ని చూడండి

2020కి ముందు వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో 720పి కెమెరా ఉంటుంది. దానితో పని జరగదని కాదు. రెండు పనులు చేసి చూడండి. మొదటిది, లెన్స్‌ను మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. వేలిముద్రల జిడ్డు ఉంటే బొమ్మ మసకగా, పొగమంచు పట్టినట్టు వస్తుంది. రెండోది, ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి కెమెరాను కళ్ళ ఎత్తుకు తీసుకురండి. ఒళ్ళో పెట్టుకుని మాట్లాడితే గడ్డం, ముక్కు, పైన తిరిగే ఫ్యాను తప్ప ఇంకేమీ కనిపించవు. ఈ రెండింటితో సరిపోతే కొత్తది కొనే పని లేదు.

డెస్క్‌టాప్ వాడేవారికి, ల్యాప్‌టాప్‌ను వేరే మానిటర్‌కు కలిపి పని చేసేవారికి, రోజూ గంటల తరబడి కాల్స్ ఉన్నవారికి విడిగా వెబ్‌క్యామ్ ఉంటే మేలు.

720పి, 1080పి, 4కె అంటే ఏమిటి?

ఇవి బొమ్మలోని చుక్కల లెక్కలు. 720పి అంటే 1280 x 720, అంటే సుమారు 9 లక్షల చుక్కలు. 1080పి అంటే 1920 x 1080, సుమారు 21 లక్షలు. 4కె అంటే 3840 x 2160, సుమారు 83 లక్షలు.

అంకె పెరిగితే బొమ్మ మెరుగవుతుందన్నది రికార్డింగ్‌కు నిజం. కాల్‌కు అంతగా కాదు. కెమెరా ఎంత పెద్ద బొమ్మ తీసినా, కాల్ నడిపే యాప్ దాన్ని కుదించి పంపుతుంది. మామూలు ఆఫీసు కాల్స్‌లో అవతలికి చేరేది చాలాసార్లు 720పి, లేదా అంతకన్నా తక్కువే. పదిమంది ఉన్న మీటింగులో మీరు కనిపించేది అగ్గిపెట్టెంత గడిలో. అక్కడ 4కె బొమ్మను ఎవరూ గుర్తుపట్టరు.

మరి 1080పి ఎందుకు? ఆ ధరలో వచ్చే కెమెరాలకు సాధారణంగా లెన్స్, సెన్సర్ కాస్త మెరుగ్గా ఉంటాయి. యాప్ బొమ్మను కుదించినా ముఖం తేటగా మిగులుతుంది. సెకనుకు 30 ఫ్రేములు ఉంటే చాలు. 60 ఫ్రేములు ఆటలు ఆడి చూపించేవారికి.

నెట్ ఎంత మోస్తుంది?

జూమ్ చెప్పే లెక్క ప్రకారం ఇద్దరి మధ్య 720పి కాల్‌కు పంపడానికి, తెచ్చుకోవడానికి చెరొక 1.2 ఎంబీపీఎస్ కావాలి. 1080పి పంపాలంటే 3.8 ఎంబీపీఎస్ వరకు కావాలి. ఇక్కడ చూడాల్సింది అప్‌లోడ్ వేగం. సినిమా చూడటానికి డౌన్‌లోడ్ చాలు, కాల్‌లో మన బొమ్మ అవతలికి వెళ్ళాలంటే అప్‌లోడ్ కావాలి. మొబైల్ నెట్‌లో డౌన్‌లోడ్ బాగుండి అప్‌లోడ్ బలహీనంగా ఉండటం మామూలే.

డేటా లెక్క కూడా చూసుకోండి. 720పి కాల్ గంట నడిస్తే రానూపోనూ కలిపి సుమారు 1 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ ఉంటే రెండు గంటలకే అయిపోతుంది. రోజూ కాల్స్ ఉన్నవారికి ఫైబర్ లైను ఉంటే కెమెరా కన్నా అదే ముందు. సరిహద్దు ఊళ్ళలో ఫోను ఒక్కోసారి ఆంధ్ర వైపు టవరును, ఒక్కోసారి కర్ణాటక టవరును పట్టుకుంటుంది. అలా మారే మూలలో కాకుండా సిగ్నల్ నిలకడగా ఉన్న గదిలో కూర్చోండి.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీతో నడుస్తుంది, రూటర్ ఆగిపోతుంది. కాల్ తెగేది అక్కడే. రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ విడిగా దొరుకుతుంది. కొనేటప్పుడు మీ రూటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపోయేదే తీసుకోండి.

వెలుతురు: ఖర్చు లేని మెరుగుదల

వెబ్‌క్యామ్ సెన్సర్ గోటి కన్నా చిన్నది. వెలుతురు తగ్గితే అది కష్టపడుతుంది. బొమ్మలో గరుకు వస్తుంది, కదిలితే ముఖం చెదిరినట్టు కనిపిస్తుంది. కొన్ని కెమెరాలు వెలుతురు చాలక సెకనుకు తీసే ఫ్రేములనే తగ్గించేస్తాయి.

మందు సులువు. కిటికీకి ఎదురుగా కూర్చోండి. కిటికీ వెనకాల ఉంటే కెమెరా ఆ వెలుగుకు సర్దుకుని మీ ముఖాన్ని నల్లగా చేస్తుంది. పాత మిద్దె ఇళ్ళలో కిటికీలు చిన్నవి కాబట్టి, పగలు తలుపు తెరిచి దానికి ఎదురుగా బల్ల వేసుకోవడం ఒక పద్ధతి. రాత్రి కాల్స్‌కు నడినెత్తిన వేలాడే బల్బు పనికిరాదు, కళ్ళ కింద నీడ పడుతుంది. మానిటర్ వెనకాల చిన్న టేబుల్ లైటు పెట్టి, దాని వెలుగు తెల్లగోడ మీద పడి ముఖానికి తిరిగి వచ్చేలా చేస్తే మెత్తగా ఉంటుంది.

బొమ్మలో నల్లటి చారలు కదులుతుంటే

ఇది కెమెరా చెడిపోవడం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్. చోకు ఉన్న పాత ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. మన కంటికి అది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి కొన్ని కెమెరాలు ఆ లెక్కతోనే వస్తాయి. విండోస్ కెమెరా యాప్‌లోనో, కెమెరా కంపెనీ యాప్‌లోనో ఫ్లికర్ రిడక్షన్ లేదా యాంటీ ఫ్లికర్ అన్నచోట 50 హెర్ట్జ్ పెట్టండి. చాలావరకు చారలు పోతాయి.

ఫోకస్, చూపు వెడల్పు

ఫోకస్ రెండు రకాలు. ఫిక్స్‌డ్ ఫోకస్ ఒక దూరానికి కట్టి ఉంటుంది. లాజిటెక్ సీ270 అలాంటిది, 720పి. ఒకేచోట కూర్చుని మాట్లాడేవారికి అది ఇబ్బంది కాదు. ఆటోఫోకస్ దూరాన్ని బట్టి సర్దుకుంటుంది. అదే కంపెనీ సీ920 ఈ రకం, 1080పి. ట్యూషన్ చెప్పే టీచరు నోటుబుక్కు చూపించాలన్నా, డాక్టరుకు చర్మం మీది మచ్చను దగ్గర్నుంచి చూపించాలన్నా ఆటోఫోకస్ కావాలి.

చూపు వెడల్పును డిగ్రీల్లో రాస్తారు. 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంటే ఒక మనిషికి సరిపోతుంది. 90 దాటితే పక్కన ఆరేసిన బట్టలు, వెనక నడిచే పిల్లలు కూడా కాల్‌లోకి వస్తారు. పడసాలే ఆఫీసు అయిన ఇంట్లో వెడల్పు తక్కువ ఉన్నదే మేలు.

మాట వినపడాలి

బొమ్మ ఆగిపోయినా కాల్ నడుస్తుంది, మాట ఆగిపోతే కాల్ అయిపోయినట్టే. వెబ్‌క్యామ్‌లోని మైకు రెండడుగుల దూరంలో ఉంటుంది. ఫ్యాను, మిక్సీ, కుక్కరు కూత అన్నీ అందులో పడతాయి. ఫోనుతో వాడే మైకున్న వైరు ఇయర్‌ఫోన్స్ చాలాసార్లు దానికన్నా బాగా పనిచేస్తాయి. నోటికి దగ్గరగా ఉండటమే వాటి బలం.

గచ్చునేల, బోసిగోడల గదిలో మాట మార్మోగుతుంది. పరుపు, దుప్పట్లు, తెరలు ఉన్న గదికి మారితే తగ్గుతుంది. రేకుల ఇంట్లో వాన మొదలైతే ఏ మైకూ ఆపలేదు. ముఖ్యమైన కాల్ ఉన్న రోజు పక్కింటి మిద్దె గదిని ముందే అడిగి పెట్టుకోవడం తెలివైన పని.

చేతిలోని ఫోనే వెబ్‌క్యామ్

నాలుగేళ్ళ నాటి మంచి ఫోనులో ఉన్న కెమెరా చాలా వెబ్‌క్యామ్‌ల కన్నా గొప్పది. యాపిల్ 2022లో ఐఫోన్‌ను మ్యాక్‌కు వెబ్‌క్యామ్‌గా వాడే వీలు తెచ్చింది. ఆండ్రాయిడ్ 14 నుంచి కొన్ని ఫోన్లను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపితే నేరుగా వెబ్‌క్యామ్‌గా మారతాయి. చిన్న స్టాండు ఒకటి ఉంటే చాలు. ఒకటీ అరా ఇంటర్వ్యూల కోసం కొత్తది కొనక్కరలేదు. రోజూ కాల్స్ ఉంటే మాత్రం ఫోను వేడెక్కుతుంది, అదే సమయానికి ఇంట్లోవాళ్ళ ఫోనూ వస్తుంది.

అంగడిలో చూడాల్సినవి

720పి కెమెరాలు సుమారు వెయ్యి, రెండు వేల మధ్య దొరుకుతాయి. పేరున్న కంపెనీల 1080పి కెమెరాలు రెండు వేల నుంచి ఏడెనిమిది వేల వరకు, 4కె పదివేలు, ఆపైన. ఆన్‌లైన్‌లో కొన్నా, బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొన్నా ఇవి చూడండి.

- వెయ్యి రూపాయలకే 4కె అని పెట్టె మీద ఉంటే పేరు గొప్ప ఊరు దిబ్బే. చిన్న బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి ఆ పేరు పెడతారు.
- వెబ్‌క్యామ్‌లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఉన్న ఆర్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు.
- విడిగా డ్రైవర్ అక్కరలేకుండా తగిలించగానే పనిచేసేదే తీసుకోండి. డ్రైవర్ కోసం సీడీయో, తెలియని వెబ్‌సైటో చూపిస్తే వద్దనండి.
- మీ ల్యాప్‌టాప్‌కు ఏ యూఎస్‌బీ రంధ్రం ఉందో, తీగ పొడవు చాలుతుందో చూడండి.
- లెన్స్ మీద మూత ఉంటే మంచిది. లేకపోతే పని లేనప్పుడు తీగ పీకేయండి.
- బిల్లు తప్పకుండా తీసుకోండి. వారంటీకి అదే ఆధారం.

ఏ పనికి ఏది?

ఇంటర్వ్యూకు: ఉన్న ల్యాప్‌టాప్ కెమెరా లేదా ఫోను, ఎదురుగా వెలుతురు, వైరు ఇయర్‌ఫోన్స్.

రోజూ ఆఫీసు కాల్స్‌కు: 1080పి, 80 డిగ్రీల లోపు, విడిగా మైకు.

పాఠాలు చెప్పేవారికి: 1080పి, ఆటోఫోకస్, కిందికి వంచి నోటుబుక్కు చూపగల స్టాండు.

డాక్టరు సలహాకు: పగటి వెలుతురు, వెనక కెమెరా ఉన్న ఫోను. ప్రభుత్వ ఈసంజీవనితో ఇంటి నుంచే డాక్టరును చూడవచ్చు.

కోర్టు హాజరుకు: అనుమతి ఉన్నప్పుడే. వెనకాల బోసిగోడ ఉండాలి, కోర్టు కాల్‌ను రికార్డు చేయకూడదు.

ఇంట్లో పెద్దలకు ఒక మాట

కెమెరా ఇంట్లోకి వచ్చాక మోసగాళ్ళ కాల్స్ కూడా దానిలోనే వస్తాయి. పోలీసులమనో, సీబీఐ అనో యూనిఫాం వేసుకుని వీడియోలో కనిపించి డిజిటల్ అరెస్టు అని బెదిరిస్తారు. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం అన్నది మన చట్టంలో లేదు. కాల్ కట్ చేసి, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయాలి. కొత్త కెమెరా బిగించే రోజే ఈ మాట ఇంట్లో అమ్మమ్మకు, తాతయ్యకు కూడా చెప్పండి.

కాల్‌కు ముందు అరగంట

ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసుకుని చూడండి. ముఖం తేటగా ఉందా, మాట తెగుతోందా తెలిసిపోతుంది. మిగతా ఫోన్లను వైఫై నుంచి తీసేయండి. పెద్ద డౌన్‌లోడ్‌లు ఆపండి. ఫోనులో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. మాట్లాడేటప్పుడు తెర మీది మీ బొమ్మను కాకుండా లెన్స్‌ను చూడండి, అవతలివారికి కళ్ళలోకి చూసినట్టు ఉంటుంది. నెట్ బలహీనపడితే సంకోచం లేకుండా చెప్పి వీడియో ఆపి, మాట కొనసాగించండి.