నఖము – శ్రీకూర్మ క్షేత్రము

ఆయుధములలో నఖము విలక్షణమైనది. అది దేహముతో పుట్టి పెరుగును. అయినను దాని కొన కత్తిరించినపుడు నొప్పి తెలియదు. ప్రాణమున్న దానివలన గాని లేనిదానివలన గాని తనకు మరణము కలుగరాదని హిరణ్యకశిపుడు కోరిన వరమునకు శ్రీనృసింహుని నఖములే సమాధానమైనవని పెద్దలు వ్యాఖ్యానించుట ఇందువలననే. ఆ నఖములను స్తుతించుచు శ్రీమధ్వాచార్యులు రెండు శ్లోకముల నఖస్తుతిని రచించిరి. వాయుస్తుతి పారాయణమున నేటికిని దానిని పఠించుదురు.

ఆ ఆచార్యుల శిష్యులైన శ్రీనరహరితీర్థులు గాంగరాజుల కాలమున కళింగదేశములో అధికారభారము వహించిన యతీశ్వరులు. శ్రీకాకుళ సమీపమున శ్రీకూర్మ క్షేత్రమునందలి శకవర్షము 1203 (క్రీ.శ. 1281) నాటి సంస్కృత శాసనము, వారు కూర్మనాథుని ఎదుట యోగానంద నృసింహునకు ఆలయము నిర్మించిరని తెలుపుచున్నది. శబరుల దాడి నుండి ఈ క్షేత్రమును కాపాడిన వారును వారే. గురువు నఖస్తుతికర్త, శిష్యుడు యుద్ధము నెరిగిన సన్న్యాసి. అయినను ప్రతిష్ఠించినది ఉగ్రమూర్తిని కాదు. యోగపట్టము ధరించి, ముందు చేతులు మోకాళ్లపై చాచి కూర్చుండుట యోగనృసింహ లక్షణము. అచట నఖములున్నవి, విదారణము లేదు. ఈ ఎంపిక యాదృచ్ఛికమని తోచదు.

లోకము మాత్రము నఖములోని శక్తినే కోరినది. దృష్టిదోషము తగులరాదని, భయము కలుగరాదని పసిబిడ్డల మెడలో పులిగోరు కట్టు ఆచారము తెలుగునాట చిరకాలముండెను. (అమరకోశము ఓషధుల నడుమ చెప్పిన వ్యాఘ్రనఖము ఇది కాదు, అది సుగంధద్రవ్యము.) 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పులిగోళ్ల వ్యాపారమును నిషేధించినది. బిడ్డ రక్షకై పులిని చంపించుట ఏ శాస్త్రము చెప్పిన రక్షావిధియో యోచింపవలసినదే.

కూర్మమును నఖియే. కిష్కింధాకాండమున వాలి శ్రీరామునితో పంచనఖ జంతువులలో ఐదు మాత్రమే భక్ష్యములని చెప్పుచు కూర్మమును ఐదవదిగా పేర్కొనెను. ఇది తినుమని విధించుట కాదు, తక్కిన పంచనఖములను తినరాదని తెలుపుట అని పతంజలి మహాభాష్యమున విశదీకరించెను. ఆ అనుమతి పొందిన ప్రాణియే శ్రీకూర్మమున మూలమూర్తియై పూజలందుచున్నది! ఆలయ ప్రాంగణమున నక్షత్ర తాబేళ్లు పోషింపబడుచున్నవి. వాటి గోళ్లు చీల్చుటకు కాదు, త్రవ్వుటకు. ఆడ తాబేలు వెనుక కాళ్లతో నేలను గుంటచేసి, గ్రుడ్లు పెట్టి, అదే కాళ్లతో మన్ను కప్పి వెడలిపోవును.