ధ్యాస నడిచిన దారి

పొయ్యి మీద పాలు పొంగిపోయినా, పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడి చూపు కిటికీ దాటిపోయినా మన ఇళ్లలో వినపడే మాట ఒకటే: "ధ్యాస ఎక్కడుంది నీకు?" మనసు ఇంకెక్కడో తిరుగుతుంటే దానికి 'పరధ్యానం' అని పేరు పెట్టుకున్నాం. కోపంలో నోరు జారినవాణ్ణి "ఒళ్లు మరిచి మాట్లాడుతున్నావు" అంటాం. ఇవాళ 'మైండ్‌ఫుల్‌నెస్' పేరుతో ఫోన్లలోకీ ఆఫీసుల్లోకీ వచ్చిన సాధన ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెళ్తే, ఈ ఇంటిమాటలకు చాలా దగ్గరి చోటికే చేరుకుంటాం.

దాని మూలం 'సతి' అనే పాళీ మాట. సంస్కృతంలో అదే స్మృతి, అంటే జ్ఞాపకం. ఇప్పుడు, ఇక్కడ ఉండడానికి జ్ఞాపకం అని పేరేమిటని మొదట్లో నాకూ సందేహం వచ్చింది. చేస్తున్న పనినీ, ఎందుకు చేస్తున్నామన్నదాన్నీ మరవకుండా ఉండడమే సతి. మన 'ఎరుక' దీనికి సరిగ్గా అమరుతుంది, దానికి ఎదురుమాట మరపే కనుక. కురుదేశంలో బుద్ధుడు బోధించినట్టు చెప్పే సతిపట్ఠాన సుత్తంలో గమనించవలసినవి నాలుగు: శరీరం, వేదన (అంటే అనుభూతి), చిత్తం, ధర్మాలు. మొదటిది శరీరం. నడిచినా, తిన్నా, చెయ్యి ముడిచినా చాచినా తెలిసి చెయ్యమంటుంది ఆ సుత్తం. అంటే, ఒళ్లు మరవొద్దని.

సిలోన్‌లో మేజిస్ట్రేటుగా పనిచేసి పాళీ నేర్చుకున్న రీస్ డేవిడ్స్ 1881లో అచ్చయిన తన అనువాదంలో సతికి 'మైండ్‌ఫుల్‌నెస్' అని రాశారు. ఆ మాటే నిలిచిపోయింది. అయితే మాట దొరికినంత మాత్రాన సాధన దొరకదు. అది బర్మాలో బతికింది.

1885లో ఆంగ్లేయులు ఎగువ బర్మాను ఆక్రమించి థీబా రాజును రత్నగిరికి పంపేశారు. బౌద్ధానికి అండగా నిలిచిన సింహాసనం పోయింది. ఇక ధర్మాన్ని కాపాడేదెవరు? లెడి సయాడో అనే పండిత భిక్షువుకు తోచిన జవాబు: మామూలు జనం. భిక్షువులకే పరిమితమనుకున్న ధ్యానాన్ని ఆయన గృహస్థులకు తెరిచిపెట్టారు, తేలిక బర్మీ భాషలో పుస్తకాలు రాశారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. ఆయన దగ్గరికి వచ్చినవారిలో కలరాకు బిడ్డలను పోగొట్టుకున్న రైతు ఒకరున్నారు. సయా తెజీ అని పేరుపడ్డ ఆ రైతుకే లెడి సయాడో బోధించే బాధ్యత అప్పగించారు. రైతు దగ్గర 1937లో నేర్చుకున్న ఉద్యోగి ఊ బా ఖిన్, స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్ అయ్యారు. ఒక్కోసారి మూడు నాలుగు శాఖల పని నెత్తినేసుకుంటూనే తన ఆఫీసు ఉద్యోగులకు ధ్యానం నేర్పారు. 1952లో రంగూన్‌లో ధ్యానకేంద్రం తెరిచారు. లెక్కలు చూసే ఆఫీసులో విపశ్యన అనే ఈ ధ్యానం పెరగడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

మాండలేలో పుట్టిన మార్వాడీ వ్యాపారి సత్యనారాయణ గోయెంకా, మార్ఫిన్ ఇస్తే తప్ప తగ్గని పార్శ్వపు నొప్పితో 1955లో బా ఖిన్ దగ్గరికి వెళ్లారు. తలనొప్పి తగ్గడానికే అయితే చేర్చుకోనని గురువు తిప్పిపంపబోయారట. పద్నాలుగేళ్లు నేర్చుకుని గోయెంకా 1969లో భారతదేశం వచ్చారు. బొంబాయిలో జరిగిన తొలి శిబిరంలో పట్టుమని పదిహేనుమంది లేరు. 1976లో హైదరాబాద్ శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త ఏర్పడింది. దేశంలోని తొలి విపశ్యన కేంద్రాల్లో అదొకటి. ఆ రోడ్డు పట్టుకుని పోతే నాగార్జునకొండ వైపే వెళ్తాం. ఒకప్పుడు సింహళ భిక్షువులకు విహారమున్న ఆ లోయ ఇప్పుడు నీటి అడుగున ఉంది. పాళీ సాధన మన నేలకు పరాయిది కాదనడానికి ఆ దారి చాలు. కర్నూలు నుంచి పాకిన పిరమిడ్ ధ్యాన ఉద్యమం ఆనాపానసతిని 'శ్వాస మీద ధ్యాస' అని పల్లెపల్లెకూ చేర్చిందంటే, ఆ ఘనత సగం ఆ తెలుగు మాటదే.

1979లో అమెరికాలో మసాచుసెట్స్ వైద్యకళాశాలలో జాన్ కబాట్ జిన్, దీర్ఘకాలపు నొప్పులు తగ్గని రోగుల కోసం ఈ సాధనను కొన్ని వారాల శిక్షణగా మలిచారు. ఎందరికో ఊరట కలిగింది, కాదనను. అయితే విపశ్యన శిబిరంలో మొదట ఐదు శీలాలు పాటిస్తామని మాట ఇస్తారు: చంపం, దొంగిలించం, అబద్ధమాడం... ఆ తర్వాతే శ్వాస. యాప్‌లో ఆ మాట ఇవ్వనక్కర్లేదు. స్మృతిలోంచి 'ఎందుకు' అన్నది జారిపోతోందని నా బాధ.

ఆ 'ఎందుకు'ను గట్టిగా పట్టుకున్నవారు వియత్నాం భిక్షువు థిచ్ నాట్ హాన్. యుద్ధం మధ్యలో ఆయన సైగాన్‌లో యువజన సేవా పాఠశాల పెట్టారు. బాంబులకు కూలిన ఊళ్లను ఆ పిల్లలు మళ్లీ కట్టేవారు, అవి మళ్లీ కూలేవి. రెండు పక్షాలూ వారిని అనుమానించాయి, కొందరు హతులయ్యారు. శాంతి కోరుతూ 1966లో అమెరికా వెళ్లిన గురువును స్వదేశం తిరిగి రానివ్వలేదు. మరుసటి ఏడు మార్టిన్ లూథర్ కింగ్ ఆయన పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు.

1974లో ఫ్రాన్స్ నుంచి ఆయన ఆ పాఠశాల సహచరుడొకరికి పొడవైన ఉత్తరం రాశారు. ఇవాళ ప్రపంచమంతా చదువుతున్న 'ది మిరకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్' ఆ ఉత్తరమే. అందులో అంట్లు తోమడం గురించి ఉంది: తర్వాత తాగబోయే టీ మీద కాక, చేతిలో ఉన్న గిన్నె మీదే ధ్యాస పెట్టమని. దాన్ని మొదట చదివినవాళ్లకు యుద్ధం ఇంకా ముగియలేదు. తెల్లవారితే వాళ్లు కూలిన ఇళ్ల దగ్గరికి పనికి వెళ్లాలి.