నాలుగో జాగా

1956 డిసెంబర్ 7, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మూడో జాగా కోసం మన జట్టు బల్గేరియాతో ఆడి 3-0తో ఓడిపోయింది. కాంస్యం వాళ్లు పట్టుకుపోయారు, మనకు నాలుగో జాగా మిగిలింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఇప్పటికీ అంతకంటే పైకి పోలేదు.

ఈ సంగతి నేను పుస్తకంలో చదవలేదు. ఖమ్మంలో ఉర్దూ మీడియంలో చదివేటప్పుడు మా డ్రిల్ సార్ నోట విన్నాను. ఆయన ఎందుకు చెప్పాల్సి వచ్చిందో తర్వాత చెబుతా. ముందు ఆ జట్టు ముచ్చట.

దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివారు. పేషా టీచర్. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పిల్లలకు సబక్ చెప్పిన మనిషి. 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది మొదలు 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. షాగిర్దులకు ఒక కాలే వాటంగా ఉంటే ఆయన ఊరుకునేవారు కాదు. వాటం లేని కాలితోనే బంతి తన్నాలని షరతు పెట్టి పోటీలు జరిపేవారు. మాస్టరు బుర్ర మరి, హోంవర్క్ ఇవ్వకుండా ఉండలేదు.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కూడా రహీం సాబే కోచ్. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. యుగోస్లావియా 10-1తో చితక్కొట్టింది. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ సెమీఫైనల్లో ఎదురుపడింది మళ్లీ ఆ యుగోస్లావియానే.

ఈ నాలుగేళ్లలో ఆట ఒక్కటే మారలేదు. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం విడిపోయి, అందులోని తెలుగు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయింది. మూడు వారాలకు, నవంబర్ 22న, ఒలింపిక్స్ మొదలయ్యాయి. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, వీళ్లంతా ఆట నేర్చుకున్న రియాసత్ పేరు అప్పటికి పటంలోంచి పోయింది. మన ఖమ్మం జిల్లా వయసు అప్పటికి మూడేళ్లు. భద్రాచలం ఇంకా తూర్పు గోదావరిలోనే ఉంది, 1959లో గానీ మనతో కలవలేదు. ఫుట్‌బాల్ వాళ్లు మాత్రం హైదరాబాద్ పేరు వదల్లేదు. 1956-57లో, 1957-58లో సంతోష్ ట్రోఫీ ఆ పేరుతోనే గెలిచారు.

మెల్‌బోర్న్‌లో మొదటి మ్యాచ్ ఆడాల్సిన హంగేరీ రాలేదు. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆసియా జట్టు ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేరడం అదే మొదటిసారి. డిసెంబర్ 4న సెమీఫైనల్. మొదటి సగంలో గోల్ లేదు. 52వ నిమిషంలో మళ్లీ డిసౌజాయే కొట్టాడు. నాలుగేళ్ల కింద పది గోల్స్ వేసిన జట్టు మీద మనది పైచేయి! ఆ ఖుషీ రెండు నిమిషాలే. 54, 57, 65 నిమిషాల్లో వాళ్లవి మూడు గోల్స్. నాలుగోది 78వ నిమిషంలో, మనవాడే అయిన సలాం ఖాతాలో పడింది. సేమ్ సైడ్ గోల్. మూడు రోజులకు బల్గేరియా చేతిలో ఆ రెండో శికస్త్.

ఇక మా సంగతి.

1995 చలికాలం, తొమ్మిదో జమాత్. భద్రాచలంలో స్కూళ్ల పోటీలు. సెమీస్ ఓడి మూడో స్థానం మ్యాచ్ ఆడాం. ఆఖర్లో మా బ్యాక్ ఎడమ కాలితో బంతిని బయటికి తన్నబోయాడు. అది తిరిగి మా గోల్లోకే పోయింది. 1-0. పాల్వంచ అడవి దాటేదాకా బస్సులో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. అప్పుడు డ్రిల్ సార్ లేచి వెళ్లి వాడి పక్కన కూర్చుని, మా అందరికీ వినబడేలా మెల్‌బోర్న్ కథ ఎత్తుకున్నారు. “సలాం గోల్ తీసేసి లెక్కపెట్టండి, 3-1. అయినా ఓడినట్టేనా కాదా? ఓడింది పదకొండు మంది రా” అన్నారు. మేం తలలూపాం. మర్నాటి నుంచి వాణ్ణి “సేమ్ సైడ్” అని పిలవడం మొదలుపెట్టాం. పిలిచినవాళ్లలో నేనూ ఉన్నాను. పదో జమాత్‌కు వాడు రాలేదు.

నిరుడు మా హమ్‌జమాత్‌లు కొందరు వాట్సాప్ గ్రూప్ పెట్టారు. ఒకరు దుబాయ్, ఒకరు కొత్తగూడెం బొగ్గు గని, ఇద్దరు మెకానిక్‌లు. వాడి నంబరు ఎవరి దగ్గరా లేదు. చివరికి సారపాకలో లారీ నడుపుతున్నాడని తెలిసింది. వార్తల పనిమీద భద్రాచలం వెళ్తూ గోదావరి వంతెనకు ఇవతలే ఆగాను. గడ్డం సగం తెల్లబడింది, నవ్వు అదే.

చాయ్ తాగుతూ మాఫీ అడిగాను. వాడు వింతగా చూశాడు. “దానికోసం బడి మానలేదు భాయ్. అబ్బాకు పక్షవాతం వచ్చింది. క్లీనర్‌గా ఎక్కాను, అంతే” అన్నాడు. కాసేపు ఆగి, “ఒకటి చెప్పు. ఆ సలాం సంగతి, సార్ నన్ను ఊరడించడానికి కల్పించారు కదా?” అన్నాడు.

ఇరవై తొమ్మిదేళ్లు వాడు అలాగే అనుకున్నాడు. అడుగుదామంటే సార్ లేరు, మర్హూమ్ అయ్యి చాలా ఏళ్లయింది. నేను ఫోన్ తీసి ఆ మ్యాచ్ స్కోరు తెరిచి వాడి చేతిలో పెట్టాను. యుగోస్లావియా 4, ఇండియా 1. కింద 78వ నిమిషం ఎదురుగా పేరు. వాడు కళ్లద్దాలు తెచ్చుకోలేదు. వేళ్లతో పెద్దది చేసి, పెదాలు కదుపుతూ చదివాడు.

రహీం సాబ్ సంగతి అడిగితే మిగతాదీ చెప్పాను. 1962 సెప్టెంబర్‌లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. వాడు విన్నాడు గానీ, చూపు మాత్రం ఫోన్ మీదే ఉంది.

“సార్ సచ్చీ బోలే థే” అన్నాడు మెల్లగా. తర్వాత ఫోన్ తిరిగిస్తూ, “ఇది గ్రూప్‌లో పెట్టు. నన్ను కూడా చేర్చు” అన్నాడు.

చాయ్ పైసలు నన్ను ఇవ్వనివ్వలేదు.